మూడో గడిలో పేరు

మస్కట్‌లో విమానం దిగింది జూన్ మొదటి వారంలో, ఉదయం ఆరు పదికి. అప్పటికే ముప్ఫై ఆరు డిగ్రీలు. మేము పద్దెనిమిది మందిమి. ఒక్కొక్కరికీ రెండు కిట్ బ్యాగులు, ఒక హెల్మెట్, ఒక కవచం, మూడు లీటర్ల నీళ్ళ సంచి. ఏడింటికి బస్సెక్కించారు. అక్కణ్ణుంచి దక్షిణంగా ఏడున్నర గంటలు. మొదటి రెండు గంటలు కొండలు. తర్వాత ఏమీ లేదు. ఇసుక కూడా సరైన ఇసుక కాదు, గులకరాళ్ళ నేల. రెండున్నరకు సముద్రం కనిపించింది. ఆ ఓడరేవు పేరు ఇక్కడ రాయను. రాయనని సంతకం పెట్టి వచ్చాను.

బస్సు దిగగానే గాలి చెంప మీద కొట్టింది. ఒమన్ అంటే ఎండ అనుకుని వెళ్ళాను నేను. ఆ తీరంలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఖరీఫ్ గాలి, అంటే మన నైరుతి రుతుపవనం. పొద్దున పూట మంచు కమ్ముకుంటుంది. ఒళ్ళంతా ఉప్పు తేమ. గుడారాల తాళ్ళు పగలంతా మోగుతూనే ఉంటాయి. మొదటి వారం నాకు ఆ మోతకు తలనొప్పి తగ్గలేదు.

ఇంతకీ ఈ మేము ఎవరంటే బ్రిటిష్ సైన్యం. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. మాది జగిత్యాల పక్కన ఊరు. చదువుకని ఇంగ్లండ్ వెళ్ళాను. చదువయ్యాక కొన్నేళ్ళు ఒక గిడ్డంగిలో పెట్టెలు మోశాను. కామన్వెల్త్ దేశాలవాళ్ళను సైన్యంలోకి తీసుకుంటారని తెలిసి చేరాను. తొమ్మిదేళ్ళు చేసి, కార్పొరల్‌గా బయటికొచ్చాను. ఇప్పుడు కరీంనగర్‌లో ఉంటున్నాను. ఇక్కడ కలిసినవాళ్ళందరూ అడిగేది ఒక్కటే, యుద్ధం చూశావా అని. చూడలేదు. నేను చూసింది ఒక లాండ్రీని. అయినా చెబుతాను, వినండి.

మా క్యాంపు చిన్నది. కంటైనర్లు ఇరవై నాలుగు, గుడారాలు పదకొండు. ఉత్తరం వైపు ఒక కంచె. కంచె అవతల అమెరికావాళ్ళు. వాళ్ళవి మాకు నాలుగింతలు. మెస్ ఉమ్మడి. లాండ్రీ ఉమ్మడి. మిగతా ఏదీ ఉమ్మడి కాదు.

నా డ్యూటీ రికార్డు పుస్తకం. క్యాంపులోకి ఏం వచ్చింది, ఏం పోయింది, ఎవరు ఏం విన్నారు, అన్నీ అందులో ఎక్కాలి. ప్రతి పేజీకీ మూడు గడులు. ఎన్నింటికి. ఏమిటి. ఎవరు చెప్పారు. మొదటి రోజు ఒకచోట మూడో గడి ఖాళీగా వదిలాను. మా సార్జెంట్ మేజర్ పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పడేశాడు. పేరు లేకపోతే అది పుకారు, పేరుంటేనే సమాచారం అన్నాడు. ఆ తర్వాత నేను ఒక్క గడి కూడా ఖాళీగా వదల్లేదు. అదే నా కొంప ముంచింది. నాది కాదు, ఇంకొకరిది.

సార్జెంట్ మేజర్ ఉత్తర ఇంగ్లండ్ మనిషి. నలభై ఆరేళ్ళు. రెండు యుద్ధాల్లో అమెరికావాళ్ళ పక్కన పనిచేశాడు. వాళ్ళంటే అసహ్యం లేదు, నమ్మకం అసలే లేదు. ఒక దేశం నుంచి వాళ్ళు సామాను సర్దుకుంటున్న సంగతి తను టీవీలో చూసి తెలుసుకున్నానని చెప్పేవాడు. "వాళ్ళు మనకు అన్నీ చెబుతారు కార్పొరల్. అయిపోయాక చెబుతారు." ఈ మాట నాకు కనీసం ఇరవైసార్లు చెప్పుంటాడు.

రోజూ ఏడున్నరకు ఉమ్మడి మీటింగ్. అవతలి నుంచి ఒక కెప్టెన్ వచ్చేవాడు. మంచివాడే, పళ్ళన్నీ కనిపించేలా నవ్వేవాడు. గాలి వేగం చెప్పేవాడు, అలల ఎత్తు చెప్పేవాడు, మెస్‌లో ఐస్‌క్రీమ్ వచ్చిందని చెప్పేవాడు. చేతిలో ఒక ఫైలు ఉండేది. దాని అట్ట మీద విదేశీయులు చూడరాదని రాసుండేది. ఆ ఫైలును బల్ల మీద ఎప్పుడూ బోర్లా పెట్టేవాడు. సార్జెంట్ మేజర్‌కి అది చూస్తే ఒళ్ళు మండేది. నేను విదేశీయుణ్ణట, నేను, అని బయటికొచ్చి రాయిని తన్నేవాడు. నాకు లోపల నవ్వొచ్చేది. ఆయన దేశంలో నన్ను ఎన్నిసార్లు ఆ చూపు చూశారో ఆయనకేం తెలుసు.

మెస్‌లో టీవీ ఎప్పుడూ ఆగేది కాదు. ఆ రోజుల్లో అమెరికా అధ్యక్షుడు పొద్దున ఒక మాట, సాయంత్రం ఇంకో మాట. సముద్రం అవతలి దేశాన్ని కొడతాం అనేవాడు. మాట్లాడుకుందాం అనేవాడు. రెండు వారాలు చూస్తాం అనేవాడు. లండన్‌లో మా మంత్రి ఒకడు మైకు ముందు నిలబడి పొద్దుటి మాటనీ స్వాగతించేవాడు, సాయంత్రం మాటనీ స్వాగతించేవాడు. మా బ్రిటిష్ కుర్రాళ్ళు గుడ్లు తినడం ఆపి టీవీ వైపు అనుమానంగా చూసేవాళ్ళు. మన సంగతి ఎవరు తేలుస్తారు, లండనా వాషింగ్టనా అని ఒకడు అడిగాడు.

మా క్యాంపు పెద్ద మేజర్ మాత్రం వేరే. ఆయనకు నమ్మకం ఉంది. మనం వాళ్ళ పక్కన కూర్చుంటేనే మన మాట వింటారు అనేవాడు. ఇన్నేళ్ళుగా కూర్చున్నాం సర్, నడుం నొప్పి వచ్చింది అని సార్జెంట్ మేజర్ గొణిగేవాడు. మేజర్ వినిపించుకునేవాడు కాదు.

లింగన్న నాకు రెండో వారంలో తగిలాడు. నెట్ సంచిలో బట్టలు వేసి లాండ్రీ కిటికీ దగ్గరికి వెళ్ళాను. లోపల ఎవరో ఫోన్లో కోప్పడుతున్నారు, బీపీ గోళీలు ఏసుకున్నవా లేదా అని. చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఆరువేల మైళ్ళు తిరిగి వచ్చినా ఆ యాస వింటే మా వీధిలో ఉన్నట్టే. ఏ ఊరన్నా అని అడిగాను. ఆయన ఫోన్ చెవికి పెట్టుకునే నా యూనిఫాం వైపు, భుజం మీది జెండా వైపు, మళ్ళీ నా మొహం వైపు చూశాడు. తర్వాత ఫోన్లో చెప్పాడు, "ఆగే గంగవ్వా, గీడ ఇంగ్లీషోడు తెలుగు మాట్లాడుతుండు."

యాభై రెండేళ్ళు. నిర్మల్ దగ్గర ఊరు. పదకొండేళ్ళుగా ఒమన్‌లోనే. ముందు ఇబ్రిలో సైట్ పని చేశాడు, నడుం దెబ్బతిని లాండ్రీకి మారాడు. అక్కడ ఆయన్ని పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అమెరికావాళ్ళూ లాండ్రీ అనే పిలిచేవాళ్ళు, మావాళ్ళూ లాండ్రీ అనే పిలిచేవాళ్ళు. అసలు పేరు లింగయ్య. నేను లింగన్నా అంటే పలికేవాడు, తమ్మీ అనేవాడు.

గంగవ్వ ఆయన భార్య. మస్కట్ దగ్గరి మబేలాలో ఒక ఇంట్లో పని. మొగుడూ పెళ్ళాం ఒకే దేశంలో ఉన్నారు గానీ మధ్యలో ఏడున్నర గంటల రోడ్డు. రెండు నెలలకోసారి కంపెనీ వ్యాను సబ్బు పొడి, మరకల మందు డబ్బాలు తేవడానికి మస్కట్ పోయేది. లింగన్న సాయానికి ఎక్కేవాడు. డ్రైవర్ మబేలాలో రెండు గంటలు ఆపేవాడు. ఇద్దరూ ఒక హోటల్లో కూర్చుని చాయ్ తాగేవాళ్ళు. అంతే, అదే వాళ్ళ కాపురం. ఆమె పని ఒప్పందం కాగితం ఇంకా పద్నాలుగు నెలలుంది. ఈయనదీ అంతే. ఇద్దరం ఒక్క విమానంలో పోతామని అందరికీ చెప్పేవాడు. దానికంతటికీ ఆధారం ఆయన మెడలోని క్యాంపు పాస్. పాస్ పోతే కంపెనీ వీసా రద్దు చేసి ఇంటికి పంపేస్తుంది. ఇంకో సైట్ చూపించడం లాంటివేం ఉండవు.

ఒకసారి ఆయన అడిగాడు, మీకూ అమెరికోళ్ళకూ ఏం లెక్క అని. నేను కూటమి, ఒప్పందం, చరిత్ర అని ఏదో చెప్పబోయాను. ఆయన బట్టలు మడతపెడుతూ విన్నాడు.

"గట్ల కాదు తమ్మీ. వాళ్ళది మెయిన్ కంపెనీ. మీది సప్లై కంపెనీ. గంతే కదా."

గల్ఫ్‌లో పనిచేసినవాడికి ఇంతకంటే వివరం అక్కర్లేదు. మెయిన్ కంపెనీ బోర్డు పైన ఉంటుంది. సప్లై కంపెనీ మనుషుల్ని తెచ్చి నిలబెడుతుంది. ఏ పని, ఎన్నాళ్ళు, ఎప్పుడు ఆపేస్తారు, దానికి ఏమీ తెలియదు. నేను ఈ మాట సార్జెంట్ మేజర్‌కి ఇంగ్లీషులో చెప్పాను. ఆయన, ఆ లాండ్రీ మనిషిని లండన్‌కి పంపాలి అన్నాడు.

ఇక అసలు రోజు. ఆదివారం. ఏడున్నర మీటింగ్‌లో కెప్టెన్ మామూలుగానే నవ్వాడు. గాలి గంటకు నలభై ఐదు కిలోమీటర్లు అన్నాడు. మేజర్ సూటిగా అడిగాడు, మీ వైపు ఏమైనా మార్పు ఉందా అని. ఏ మార్పూ లేదన్నాడు. ఫైలు బోర్లానే ఉంది.

పదకొండు ఇరవైకి బట్టల కోసం వెళ్ళాను. లాండ్రీ వెనక తాళ్ళన్నీ ఖాళీ. రెండు ఆరబెట్టే మిషన్లలో ఒకటి చెడిపోయి నెల దాటింది, అందుకని సగం బట్టలు తాళ్ళ మీదే ఆరేవి. ఆ మంచులో మధ్యాహ్నం దాకా ఆరవు. క్లిప్పులు మాత్రం వేలాడుతున్నాయి. లింగన్న స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన పని లేకుండా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"అమెరికోళ్ళు వచ్చిన్రు. తడి బట్టలే తీస్కపోయిన్రు. మిషన్ల తిరిగేటియి గూడ ఆపి గుంజుకున్నరు. ఆరక ముందే తీస్కపోతున్నరంటే పొద్దుమూకే దాకా ఈడ ఉండరు తమ్మీ."

ఎన్ని సంచులని అడిగాను. అరవై రెండు అన్నాడు. కొత్తవి తీసుకోవద్దని కూడా చెప్పారట.

నేను పరుగెత్తుకుంటూ వచ్చాను. పుస్తకం తీశాను. మొదటి గడిలో 11.40. రెండో గడిలో, పక్కవాళ్ళు అరవై రెండు సంచుల బట్టలు తడిగానే తీసుకెళ్ళారు, కదిలే సూచన. మూడో గడిలో పెన్ను ఆగలేదు. లింగయ్య, లాండ్రీ, పాస్ నంబరు కూడా. ఆ నంబరు నాకు నోటికొచ్చు, రోజూ ఆయన మెడలో చూసేవాణ్ణి. పూర్తిగా రాశానని గర్వపడ్డాను కూడా. ఛీ, ఏం మనిషిని.

సార్జెంట్ మేజర్ ఒక్క చూపులో చదివాడు, మేజర్ కంటైనర్ తలుపు తట్టకుండానే లోపలికి పోయాడు. పన్నెండున్నరకల్లా లండన్‌కి సందేశం పోయింది. ఒంటిగంటకు హెల్మెట్లు, కవచాలు వేసుకోమని ఆర్డర్. నన్ను రెండో గేటుకు పంపారు. రేడియోలో మాటలు నాకు ఇప్పటికీ గుర్తు.

"గేట్ రెండు, పక్కవాళ్ళ ట్రక్కులెన్ని?"

"తొమ్మిది. పదోది కదులుతోంది."

"కెప్టెన్ ఏమంటున్నాడు?"

"చెయ్యి ఊపాడు."

నాలుగింటికి అవతలి క్యాంపులో వంటవాళ్ళు, కాపలావాళ్ళు తప్ప ఎవరూ లేరు. మర్నాడు ఉత్తరాన, సముద్రం అవతల బాంబులు పడ్డాయి. మా దగ్గర పగలు రెండుసార్లు సైరన్ మోగింది. ఇసుక బస్తాల వెనక తలలు దాచుకుని కూర్చున్నాం. మా మీద ఏమీ పడలేదు. లింగన్నకీ, మిగతా పనివాళ్ళకీ హెల్మెట్లు లేవు. వాళ్ళు లాండ్రీ మిషన్ల మధ్య కూర్చున్నారు.

మూడో రోజు మెస్ టీవీలో మా మంత్రి కనిపించాడు. మా మిత్రదేశం మాకు ముందే తెలియజేసింది అన్నాడు. సార్జెంట్ మేజర్ చేతిలో చెంచా ఆగిపోయింది. ఆయన నా వైపు చూశాడు, నేను ఆయన వైపు చూశాను. మాకు తెలియజేసింది లింగన్న.

వారానికి అమెరికావాళ్ళు తిరిగొచ్చారు. ఏడున్నర మీటింగ్‌కి కెప్టెన్ వచ్చాడు, ఈసారి నవ్వు లేదు. వెంట ఇంకొకడు, నల్ల కళ్ళద్దాలు, పేరు చెప్పలేదు. మేము కదులుతున్నట్టు మీకెలా తెలిసింది అని అడిగారు. అడిగింది ఉదయం ఏడు నలభైకి. ఎనిమిదింటికి మా మేజర్ నా పుస్తకంలో ఆ పేజీ ఫోటోకాపీ తీసి వాళ్ళ చేతిలో పెట్టాడు. ఇరవై నిమిషాలు. వాళ్ళు మాకు నెలంతా ఏమీ చెప్పలేదు. మేము వాళ్ళకు ఇరవై నిమిషాల్లో మనిషిని ఇచ్చేశాం. ఎందుకిచ్చారు సర్ అని అడిగాను. అడిగారు కాబట్టి అన్నాడు మేజర్. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు, అదేం ప్రశ్న అన్నట్టు.

పదింటికి నన్ను పిలిచారు. కంటైనర్‌లో ఏసీ పద్దెనిమిది మీద ఉంది. కళ్ళద్దాలవాడు, మేజర్, నేను. ఏ భాషలో మాట్లాడుకుంటారు. ఎన్నాళ్ళ పరిచయం. ట్రక్కుల గురించి అడిగాడా. భార్య ఎవరింట్లో పని. నా ఊరికీ ఆయన ఊరికీ ఎంత దూరం. నాకు అర్థమైంది, అనుమానం ఆయన ఒక్కడి మీదే కాదు. నా భుజం మీద ఏ జెండా ఉన్నా నా మొహం అదే.

చివరికి మేజర్ అడిగాడు, ఈ మనిషికి నువ్వు హామీ ఉంటావా అని. అడిగి, తనే నెమ్మదిగా వివరించాడు. హామీ ఉంటే విచారణ ముగిసేదాకా నా క్లియరెన్స్, అంటే రహస్య పనులకు ఇచ్చే అనుమతి, ఆగిపోతుంది. రేపే వెనక్కి పంపేస్తారు. సెప్టెంబరులో నా ప్రమోషన్ బోర్డు ఉంది.

"నాకు ఆయన లాండ్రీలో బట్టలు తీసుకునే మనిషిగానే తెలుసు సర్."

అన్నది నేనే. నా నోటితోనే అన్నాను. బయటికి వచ్చాను. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా వెనక్కి తిరిగి తలుపు తట్టలేదు.

ఎవరూ లింగన్న మీద నేరం మోపలేదు. మోపితే కనీసం జవాబు చెప్పుకునేవాడు. పాస్ వెనక్కి తీసుకున్నారు, అంతే. కంపెనీ సూపర్‌వైజర్‌కి ఒక్క ఈమెయిల్ పోయింది. బుధవారం వ్యాన్‌లో మస్కట్, గురువారం విమానం. మంగళవారం మధ్యాహ్నం ఆయన కంచె దగ్గర నాకోసం నిలబడ్డాడు. నువ్వొక్క మాట చెబితే వింటారు తమ్మీ, ఇంగ్లీషుల చెప్పు అని బతిమాలాడు. చెప్త లింగన్నా అన్నాను. ఎవరికీ చెప్పలేదు.

బుధవారం తొమ్మిది నలభై. వ్యాను పదింటికి. లాండ్రీ ముందు లింగన్న ఒక సూట్‌కేసు, ఒక దుప్పటి మూటతో ఉన్నాడు. మెడలో పాస్ లేదు. మబేలాలో ఐదు నిమిషాలు ఆపమని అడిగాడట, సూపర్‌వైజర్ కుదరదన్నాడట. గంగవ్వకు ఫోన్లో చెప్పాడట.

"చెప్పినవా తమ్మీ?"

"చెప్పిన అన్నా. ఇనలే."

ఆయన తల ఊపాడు. నా మొహంలోకి చూశాడు.

"గీ క్యాంపుల అందరు నన్ను లాండ్రీ అనే పిలుస్తరు. వాళ్ళకు నా పేరు ఎట్ల దొరికెనో."

నేను బూట్ల వైపు చూశాను. గాలి తాళ్ళ మీది క్లిప్పుల్ని కొడుతోంది. ఆయనకు తెలిసి అన్నాడో, తెలియక అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. అనుమానం అంటే ఏమిటో నాకు అమెరికావాళ్ళు నేర్పలేదు, సార్జెంట్ మేజర్ నేర్పలేదు. ఆ ఒక్క మాటతో లింగన్న నేర్పాడు.

"పోనీ తియ్యి. నువ్వేం జేస్తవ్. మీది సప్లై కంపెనీ," అన్నాడు.

తర్వాత కిటికీలోంచి నా బట్టలు తీసి ఇచ్చాడు. చొక్కా, ప్యాంటు, నాలుగు మడతలు. ఇంకా తడిగానే ఉన్నాయి. పొద్దుగాల ఎండ రాలే, ఏమనుకోకు అన్నాడు. వ్యాను హారన్ కొట్టింది.

నవంబరు చివర్లో మా టూర్, అంటే అక్కడి ఆరు నెలల డ్యూటీ, ముగిసింది. అదే రోడ్డు, అదే బస్సు. మబేలా దాటేటప్పుడు పగలు పదకొండు. దుకాణాల బోర్డులు చూస్తూ కూర్చున్నాను. ఏ ఇల్లో నాకు తెలియదు, గంగవ్వ మొహం కూడా నేనెప్పుడూ చూడలేదు. ఆమెకింకా తొమ్మిది నెలలుంది. మూడింటికి విమానం ఎక్కాం. ప్రమోషన్ నాకు రాలేదు, వేరేవాడికి ఇచ్చారు. రెండేళ్ళకు సైన్యం వదిలేశాను. నిర్మల్ ఇక్కడికి బస్సులో మూడు నాలుగు గంటలు. ఇప్పటిదాకా వెళ్ళలేదు.

టీవీలో లండన్ మంత్రి వాషింగ్టన్‌లో నిలబడి చేతులు కలుపుతుంటే నాకు వాళ్ళు కనిపించరు. లింగన్న కనిపిస్తాడు. ఒక కాలు వ్యాను మెట్టు మీద పెట్టి, ఏదో గుర్తొచ్చినట్టు దిగి, మళ్ళీ నా దగ్గరికి వస్తాడు. నా చేతుల్లోని తడి చొక్కా కాలర్ విప్పి, నంబరు చీటీ గుచ్చిన పిన్ను తీసి తన జేబులో వేసుకుంటాడు. తడి బట్టకు పిన్ను ఉంచితే తుప్పు మరక పడుతుందట. పడితే ఎంత ఉతికినా పోదట.